సొంత విమానం కట్టుకున్న బావగారితో వైజాగ్

మా బావగారు టెక్సస్‌లో ఉంటారు. విడిభాగాల కిట్ తెప్పించుకుని ఇంటి గ్యారేజీలోనే ఆర్‌వీ-9ఏ అనే రెండు సీట్ల విమానం కట్టుకున్నారు. సెలవు దొరికితే అక్కా ఆయనా అందులోనే ఊళ్ళు తిరుగుతారు. ఈసారి వాళ్ళొచ్చినప్పుడు రాజమండ్రిలో రత్నాచల్ ఎక్కించి వైజాగ్ తీసుకెళ్ళాను. మధ్యాహ్నానికి దిగి, భోంచేసి బీచ్ రోడ్డుకు చేరేసరికి మ్యూజియంలు తెరిచే వేళవుతుంది. ఈ రైలే నయం.

ముందు మ్యూజియంగా మార్చిన టీయూ-142 అనే నౌకాదళ నిఘా విమానం చూశాం. ఈ రకం విమానాలు 1988 నుంచి 2017 దాకా మన నౌకాదళంలో పనిచేశాయి. ఒక్క ప్రమాదం లేకుండా 30,000 గంటలు ఎగిరాయి. నాలుగు ఇంజన్లు, ఒక్కోదానికి ఎదురు దిశల్లో తిరిగే రెండేసి ప్రొపెల్లర్లు. ఒక్కో ఇంజన్ శక్తి దాదాపు 15,000 హార్స్‌పవర్. బావగారి ఇంజన్‌ది 160. ఆయన ప్రొపెల్లర్ల కింద నిలబడి చాలాసేపు కదల్లేదు.

అక్క చూపు మాత్రం రేకులను బిగించే రివెట్ల వరుసల మీదే ఉంది. వాళ్ళ విమానం రెక్కలు బిగించేటప్పుడు ఆయన బయటనుంచి రివెట్ గన్ కొడుతుంటే, లోపలివైపు ఇనుప దిమ్మ ఆనించి పట్టుకున్నది తనే. ఒక్క రివెట్ వంకర పోయినా డ్రిల్ చేసి తీసి మళ్ళీ కొట్టాలట. "ఇంత పెద్దదానికి ఎంతమంది పట్టుకున్నారో!" అంది.

"ఈ ఉప్పుగాలిలో మీ విమానం పెట్టగలరా బావగారూ?" అని అడిగాను. షెడ్డు లేకుండా పెట్టనన్నారు. అల్యూమినియం రేకుకు స్టీలు బోల్టు తగిలిన చోట ఉప్పునీరు చేరితే అల్యూమినియాన్నే తినేస్తుందట. సముద్రపు ఊళ్ళకు వెళ్ళొస్తే మంచినీళ్ళతో కడిగి, రెక్కల లోపల తుప్పు పట్టకుండా మందు కొడతారు. ఆయిల్ మార్చినప్పుడల్లా ఫిల్టర్ కోసి ఇనుప రజను ఉందేమో చూస్తారు. ఏడాదికోసారి మూతలన్నీ విప్పి సిలిండర్లు, బ్రేకులు, తోక చుక్కాని (రడ్డర్) కేబుళ్ళు తనిఖీ చేయాలి. తన చేత్తో కట్టిన మనిషి కాబట్టి ఆ తనిఖీ తనే చేసుకునేలా అక్కడి ప్రభుత్వం ఆయనకే సర్టిఫికెట్ ఇచ్చింది. అదే విమానాన్ని రేపు ఇంకొకరు కొనుక్కుంటే, ఆయన సర్టిఫికెట్ వాళ్ళకు దక్కదు.

దగ్గర్లోనే సీ హారియర్ అనే యుద్ధవిమానం ఉంది. నిట్టనిలువుగా దిగడానికి కిందికి తిరిగే దాని నాలుగు నాజిళ్ళు, అంటే ఇంజన్ గాలి చిమ్మే గొట్టాలు, చూడకుండా రావద్దు.

బస విషయానికొస్తే, బీచ్ రోడ్డులో సముద్రం కనిపిస్తుందని ఎక్కువ డబ్బు పెట్టి తీసుకున్న గది నాకు నచ్చలేదు. బాల్కనీ తలుపు తుప్పుపట్టి తెరుచుకోలేదు, చెప్పినా ఎవరూ రాలేదు. మర్నాడు ద్వారకానగర్‌లో మామూలు లాడ్జికి మారాం. గది శుభ్రంగా ఉంది, కింద టిఫిన్, ఎదురుగా ఆటోలు. నేనైతే మళ్ళీ అక్కడే దిగుతాను.

అమెరికాలో చిన్న విమానాశ్రయాల్లో వీళ్ళకు దొరికే సదుపాయాలు వింటే ముచ్చటేస్తుంది. కార్డు గీకి పెట్రోలు తామే పట్టుకోవచ్చు, విమానాన్ని తాళ్ళతో కట్టేయొచ్చు. కొన్నిచోట్ల ఊళ్ళోకి వెళ్ళిరావడానికి కారు ఊరికే ఇస్తారు, పెట్రోలు పోసి తిరిగిస్తే చాలు. ఇక్కడ రన్‌వే నౌకాదళానిది, ఐఎన్ఎస్ డేగా. సరదాగా సొంత విమానం తెచ్చి దించే చోటు కాదు. అది న్యాయమే. కానీ మన తీరంలో ఎక్కడో ఒకచోట చిన్న విమానాలకు ఓ చిన్న రన్‌వే ఉండాలని నాకు గట్టిగా అనిపించింది. ముంబైలో అమోల్ యాదవ్ అనే పైలట్ ఇంటి డాబా మీదే విమానం కట్టారు. అలాంటి పని చేయగల చేతులు వైజాగ్‌లో లేవా?

మ్యూజియంగా మార్చిన కుర్సురా సబ్‌మెరైన్‌లో మాజీ నావికులే దగ్గరుండి చెబుతారు, చాలా బాగుంటుంది. లోపల గుండ్రటి ఇరుకు తలుపుల్లోంచి వంగి దాటాలి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళుంటే వాళ్ళను ఎదురుగా విమానం దగ్గర కూర్చోబెట్టి మీరు వెళ్ళిరండి. సోమవారం మాత్రం పెట్టుకోకండి, మూసి ఉంటుంది.