గ్రీన్ స్క్రీన్‌కి గుడ్డ మేలా, గోడకి రంగు మేలా?

గ్రీన్ స్క్రీన్ అంటే మనిషి వెనక పెట్టే పచ్చ తెర, తర్వాత వీడియోలో ఆ పచ్చని తీసేసి దాని చోట మనకి కావాల్సిన దృశ్యం పెట్టుకుంటాం. ఇంట్లో అది పెట్టుకుందామనుకునే వాళ్లు మొదట అడిగేది గుడ్డ కొనాలా, గోడకి రంగు వేయించాలా అని. నన్నడిగితే ముందు టేపు తీసుకుని గది కొలవండి. మనిషికీ తెరకీ మధ్య ఐదారు అడుగులు, మనిషికీ ఫోనుకీ మధ్య ఇంకో ఐదారు అడుగులు కావాలి. అంత చోటు లేకపోతే తెర నుంచి తిరిగొచ్చే పచ్చ వెలుగు భుజాల మీద, చెవుల అంచుల మీద, నూనె రాసుకున్న జుట్టు మీద పడుతుంది. మీ నీడ వెళ్లి తెర మీద పడుతుంది. అప్పుడు గుడ్డయినా ఒకటే, రంగయినా ఒకటే. పది బై పది గదైతే ఐమూలగా పెట్టుకోండి, దాదాపు 14 అడుగులు దొరుకుతుంది.

ఇక గుడ్డ సంగతి. చిలకపచ్చ, మెరుపు లేనిది, కాస్త మందంగా ఉన్నది అడగండి. శాటిన్ మాత్రం వద్దు, ఎంత చవగ్గా ఇస్తామన్నా వద్దు, లైటు పడ్డ చోటల్లా తెల్లగా మెరుస్తుంది. 58 అంగుళాల పన్నా దొరికితే మూడు మీటర్లు తీసుకుని అడ్డంగా వేలాడదీయండి, నడుము పైనుంచి తీసే వీడియోలకి కుట్టు లేకుండా సరిపోతుంది. నిలువెత్తు మనిషి కనపడాలంటే రెండు ముక్కలు కుట్టించక తప్పదు, ఆ కుట్టు మనిషి వెనక్కి వచ్చేలా చూసుకుంటే చాలు. గుడ్డతో పెద్ద తలనొప్పి ముడతలు. ప్రతి ముడతకీ ఒక పక్క వెలుగు, ఒక పక్క నీడ, అంటే ఒక్క పచ్చ కాస్తా నాలుగు పచ్చలవుతాయి. మడతపెట్టి బీరువాలో దాచకుండా పీవీసీ పైపుకి చుట్టి పెట్టండి, కట్టేటప్పుడు కింద కూడా ఒక పైపు వేసి పక్కల క్లిప్పులతో లాగి బిగించండి. ఫ్యాను ఆపాల్సిందే. మే నెలలో ఇది ఎంత కష్టమో నేను చెప్పక్కర్లేదు.

గోడకి ఆ గొడవ లేదు. ముడతలుండవు, గాలికి ఊగదు, ఎప్పుడు కావాలంటే అప్పుడు తయారుగా ఉంటుంది. బ్యాగ్రౌండ్ శుభ్రంగా తెగడంలో గోడే గెలుస్తుంది, అందులో సందేహం లేదు, కానీ పుట్టీ సాపుగా ఉండాలి, రంగు పూర్తి మ్యాట్, అంటే మెరుపు లేనిది అయ్యుండాలి. అద్దె ఇల్లయితే ఓనరుతో పంచాయితీ. సొంత ఇల్లయినా ఆ గదిలో ఇంకేం తీసినా మొహాలకి పచ్చ ఛాయ తగులుతుంది. కాబట్టి వీడియోలకే ఒక గది వదిలేయగలిగిన వాళ్లు రంగు వేయించుకోండి, మిగతా అందరికీ గుడ్డే మేలు. రింగులా మడిచే రెడీమేడ్ తెరలు ఊళ్లు తిరిగే వాళ్లకి బాగుంటాయి, ఇంట్లో ఉండేవాళ్లకి అంత డబ్బు దండగ.

పచ్చ కాకుండా నీలం తీసుకోవచ్చా? తీసుకోవచ్చు. ఫోన్ సెన్సర్లలో మామూలుగా సగం పిక్సెళ్లు పచ్చకే ఉంటాయి, అందుకే తక్కువ వెలుగులో కూడా పచ్చ తెర శుభ్రంగా వస్తుంది, నీలానికి లైటు ఎక్కువ పెట్టాలి. అయితే ఉగాది వీడియో అనుకోండి, మామిడాకులు, వేపరెమ్మలు, పైగా ఆకుపచ్చ పట్టుచీర, అక్కడ పచ్చ తెర పెడితే చీర కూడా మాయమైపోతుంది.

డబ్బు మిగిల్చి పెట్టాల్సింది లైట్ల మీద. రింగ్ లైటు ఒక్కదాన్నే నమ్ముకోవద్దు, అది మొహానికి పనికొస్తుంది గానీ ఐదడుగుల వెనకున్న తెరని సమానంగా వెలిగించలేదు. కిటికీ వెలుగు ఉచితమే, మబ్బు అడ్డొచ్చిన ప్రతిసారీ తెర రంగు మారిపోతుంది మరి. హాలోజెన్ దీపాలు గదిని పొయ్యి చేస్తాయి. నాలుగడుగుల 20 వాట్ల ఎల్ఈడీ ట్యూబులు ఒక్కోటి రెండు, మూడు వందల్లో వస్తాయి, నా ఓటు వాటికే. రెండు ట్యూబులు తెరకి చెరో పక్క నిలువుగా, 45 డిగ్రీల కోణంలో, మరీ దగ్గరగా కాకుండా పెట్టండి. మనిషికి వేరే లైటు, దానిముందు బటర్ పేపరు, రెండో పక్క ఒక థర్మోకోల్ షీటు, అవతలి నీడ మెత్తబడుతుంది. అన్నీ ఒకే రకం తెలుపు ఉండాలి, ఒకటి పసుపు ఒకటి తెలుపు కలిపితే చర్మం రంగు సరిచేయలేక విసిగిపోతారు. మనిషి మీద కన్నా తెర మీద వెలుగు కొంచెం తక్కువే ఉండనివ్వండి. ఎక్కువైతే పచ్చ పాలిపోయి తెల్లబారుతుంది.

చవక ట్యూబుల్లో మినుకు ఉంటుంది, కంటికి తెలీదు గానీ వీడియోలో నల్లటి చారలు పాకుతాయి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఫోన్ కెమెరాలో సెట్టింగులు మనమే పెట్టుకునే ప్రో మోడ్‌లో షట్టర్ (ఒక్కో ఫ్రేముకి వెలుగు పట్టే సమయం) 1/50 లేదా 1/100 సెకను పెట్టి, ఎక్స్‌పోజర్ (వెలుగు), వైట్ బ్యాలెన్స్ (రంగుల తీరు) మధ్యలో మారకుండా లాక్ చేయండి.

తర్వాత పచ్చని తీసేసే పని డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్‌లోనే అయిపోతుంది, లైవ్ క్లాసులైతే ఓబీఎస్ అనే లైవ్ సాఫ్ట్‌వేర్‌లో అదే పని చేసే క్రోమా కీ ఫిల్టర్ ఉంది, అదీ ఉచితమే. ఫోన్లో తీసిన క్లిప్పుని కంప్యూటర్‌కి మాత్రం కేబుల్‌తోనే ఎక్కించుకోండి. వాట్సాప్‌లో వీడియోగా పంపుకుంటే నొక్కేసి చిన్నది చేస్తుంది, జుట్టు అంచులన్నీ గడులు గడులుగా వస్తాయి.