ఈస్ట్‌వుడ్‌లో లారెన్స్ ఇళ్లు

ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌కు వాయవ్యంగా సుమారు 13 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈస్ట్‌వుడ్, గని కార్మికుని కొడుకుగా 1885 సెప్టెంబరు 11న పుట్టిన నవలాకారుడు డి.హెచ్. లారెన్స్ స్వస్థలం. రైలులో లాంగ్లీ మిల్ వరకు వచ్చి అక్కడి నుంచి నడవవచ్చు గాని, నాటింగ్‌హామ్ విక్టోరియా బస్‌స్టేషన్ నుంచి నేరుగా వెళ్లే ‘రెయిన్‌బో వన్’ బస్సే సుఖం. 1915లో అశ్లీలమన్న నెపంతో కోర్టు ధ్వంసం చేయించిన ఆయన నవల పేరూ ‘ది రెయిన్‌బో’ కావడం చూసి నవ్వుకున్నాను.

విక్టోరియా వీధిలో ఆయన పుట్టిన 8ఏ నంబరు ఇల్లు ఇప్పుడు మ్యూజియం. తండ్రి ఆర్థర్ బ్రిన్‌స్లీ గనిలో పనిచేసేవాడు. పెళ్లికి ముందు కొంతకాలం పిల్లలకు పాఠాలు చెప్పిన తల్లి లిడియా, ఈ ఇంటి ముందు కిటికీనే దుకాణంగా మార్చి లేసులూ చంటిపిల్లల బట్టలూ అమ్మేది. గైడ్ ఓపికగా, వివరంగా చెప్పారు. గదులు మాత్రం మరీ శుభ్రంగా ఉన్నాయి. గని నుంచి మసితో ఇంటికి వచ్చే మనిషి ఇక్కడే బతికాడని నమ్మడానికి కొంత ఊహ కావాలి.

అందుకే మ్యూజియంతో సరిపెట్టుకోకుండా, ఆ కుటుంబం ఇల్లు మారిన వరుసలోనే ఊరు తిరగడం మేలని నా అభిప్రాయం. 1887లో వారు పల్లంలో ఉన్న గార్డెన్ రోడ్డుకు వెళ్లారు. ఆయన ‘సన్స్ అండ్ లవర్స్’ నవలలో ‘బాటమ్స్’గా కనిపించేది ఈ వాడే. ముందు నుంచి చూస్తే పూలమొక్కలతో ముచ్చటగా ఉండే ఆ ఇళ్లలో, కుటుంబం రోజంతా గడిపే వంటగది వెనుకవైపు బూడిదగుంటలకు ఎదురుగా ఉండేదని, వరుస చివరి ఇల్లు కావడం వల్ల కథానాయకుని తల్లి మిసెస్ మోరెల్ వారానికి ఆరు పెన్నీలు ఎక్కువ అద్దె కట్టేదని నవల చెబుతుంది. 1891లో గట్టుమీది వాకర్ స్ట్రీట్‌కు మారారు. అక్కడ నిలబడి పొలాలూ అడవీ చూసినప్పుడు, ఆ పైమెట్టు కోసం తల్లి ఎంత తపించిందో వివరణ అవసరం లేకుండానే అర్థమవుతుంది. చివరిది లిన్ క్రాఫ్ట్: 1910లో మరణశయ్యపై ఉన్న తల్లి చేతిలో, ఇంకా విడుదల కాని తన తొలి నవల ‘ది వైట్ పీకాక్’ ప్రతిని ఆయన పెట్టింది ఇక్కడే.

ఆయన యౌవనాన్ని తీర్చిదిద్దిన హాగ్స్ ఫార్మ్ (ఆయన స్నేహితురాలు జెస్సీ చేంబర్స్ కుటుంబం ఉన్న వ్యవసాయ క్షేత్రం) ప్రైవేటు స్థలం కనుక లోపలికి వెళ్లలేం. దగ్గర్లోని మూర్‌గ్రీన్ జలాశయం పరిసరాల్లో నడిచి తృప్తిపడాలి.

బసకు నాటింగ్‌హామే నయం. ఈస్ట్‌వుడ్ దగ్గర నేను దిగిన చిన్న సత్రంలో గది చవకే అయినా, సాయంత్రం భోజనానికి బయట వెతుక్కోవలసి వచ్చింది. పైగా నగరంలో ఉంటే, ఆయన 1906 నుంచి 1908 వరకు చదివిన విద్యాసంస్థకు వారసురాలైన నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయమూ దగ్గరే. అక్కడి ఆవరణలో చేతిలో పువ్వుతో ఆయన కంచు విగ్రహం ఉంది. విశ్వవిద్యాలయంలో ఉన్న ఆయన రాతప్రతులు చూడదలచినవారు ముందుగానే అనుమతి తీసుకోవాలి, మ్యూజియం తెరిచే రోజులనూ బయలుదేరే ముందే సరిచూసుకోవాలి.