పాత లైట్జ్ ఇత్తడి మైక్రోస్కోప్: మద్రాసు ఉక్కలో ఏళ్ల తరబడి వాడాక

జర్మనీలోని వెట్జ్‌లార్‌లో ఎర్న్‌స్ట్ లైట్జ్ కంపెనీ చేసిన ఇత్తడి మైక్రోస్కోప్ ఇది. చెన్నైలో పాత సామాన్ల వ్యాపారి దగ్గర కొన్నాను. గుర్రపు నాడా ఆకారంలో పీట, కింద అద్దం, మూడు ఆబ్జెక్టివ్‌లు (చూసే వస్తువుకు దగ్గరగా ఉండే లెన్సులు): 3, 6, నూనె చుక్క వేసి వాడే 1/12 ఆయిల్. అమ్మినాయన "విక్టోరియా రాణి కాలంది సార్" అన్నాడు. ట్యూబు మీద నంబరేమో లక్ష దాటింది. లైట్జ్ వాళ్లు తమ లక్షో మైక్రోస్కోపును క్షయ క్రిమిని కనుగొన్న రాబర్ట్ కాఖ్‌కి బహూకరించింది 1907లో. రాణిగారు పోయింది 1901లో!

షోకేసులో పెట్టడానికి కాదు, వాడటానికే కొన్నాను. ఉల్లిపొర, తొట్టిలో నాచు, దోమ పిల్లలు 3, 6 నంబర్లతో ఇప్పటికీ బాగా కనిపిస్తాయి. కోటింగు లేని కాలపు లెన్సులు కాబట్టి బొమ్మ కొంచెం పాలిపోతుంది. కండెన్సర్ (కింది వెలుతురును స్లైడు మీదికి పోగుచేసే లెన్స్) డయాఫ్రమ్‌ను, అంటే వెలుతురు వచ్చే కన్నాన్ని, కాస్త మూస్తే సర్దుకుంటుంది. కండెన్సర్ ఉన్నప్పుడు అద్దం చదును వైపే వాడాలి. నేరుగా ఎండకు మాత్రం తిప్పకూడదు, కళ్లు పోతాయి.

ఆయిల్ లెన్స్ లోపల బూజు. అది అమ్మేవాళ్లు చెప్పరు. మర కొలత ఒకటే కాబట్టి హర్యానాలోని అంబాలాలో చేసిన 100ఎక్స్ (వందరెట్లు పెంచే) ఆబ్జెక్టివ్ తెచ్చి బిగించాను. ఆబ్జెక్టివ్‌ను ఎంత పొడుగు ట్యూబుకు చేశారన్న లెక్క లైట్జ్‌ది 170 మి.మీ., కొత్తదానిది 160. డ్రా ట్యూబును (పైన లోపలికీ బయటికీ జరిగే గొట్టాన్ని) ఆ మేరకు లోపలికి నెట్టాలి, నోస్‌పీస్ (ఆబ్జెక్టివ్‌లు బిగించే తిరుగుడు భాగం) ఎత్తునూ కలుపుకోవాలి. అలా సర్దాకే ఫోకస్ తేటగా వచ్చింది.

ఇక్కడ అసలు టెన్షన్ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలప్పుడు. ముచ్చటైన చెక్కపెట్టెలో మూసిపెడితే తేమ లోపలే ఉండిపోతుంది. నేను లెన్సులను వేరుగా, గాలి చొరని డబ్బాలో సిలికా జెల్‌తో ఉంచుతాను. ఇత్తడికి పొడిగుడ్డ చాలు. స్పిరిట్ తగిలితే పాత లక్కపూత ఊడిపోతుంది. పాలిష్ కొట్టి తళతళలాడించినవాటిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

కొనబోయేవాళ్లు టార్చి తీసుకెళ్లండి. ఆబ్జెక్టివ్ విప్పి వెనకనుంచి వెలుతురు వేసి చూడండి. సాలెగూడులాంటి పోగులు కనిపిస్తే బేరం గట్టిగా ఆడండి. ఫోకస్ మర బిగుసుకుని ఉంటే బలవంతంగా తిప్పకండి. గ్రీజు గట్టిపడి ఉంటుంది, గడియారాలు బాగుచేసేవాళ్లు శుభ్రం చేసిస్తారు. ఫోకస్ చక్రం పళ్లు అరిగిపోయి ఉంటే మాత్రం వదిలేయండి, విడిభాగాలు దొరకవు.