న్యూరెంబర్గ్ 600వ నంబరు కోర్టు గది: చూడవలసిందే, కానీ ఒక ప్రశ్నతో వెళ్ళండి

నాజీ నాయకుల విచారణ జరిగిన న్యూరెంబర్గ్ న్యాయస్థాన భవనంలో 600వ నంబరు గదినీ, దాని పై అంతస్తులో 2010లో ప్రారంభమైన 'మెమోరియం' ప్రదర్శననూ చూడదలచినవారు పాత ఫొటోలలోని గదిని ఆశించి వెళ్ళకూడదు. విలేకరులకూ ప్రేక్షకులకూ చోటు చాలదని అప్పట్లో వెనుక గోడ తీసేసి విశాలం చేసిన ఆ గదిని తరువాత మళ్ళీ పూర్వపు కొలతలకు తెచ్చారు. ముదురు రంగు చెక్క పలకల గోడలు, తలుపు పైన ఆదాము హవ్వల కంచు శిల్పం మాత్రం చూడవచ్చు. నిందితులు కూర్చున్న బెంచీల భాగాలు పై అంతస్తు ప్రదర్శనలో ఉన్నాయి. నాజీ అగ్రనాయకుడు గోరింగ్ కూర్చున్నది ఇంత మామూలు బెంచీ మీదా అనిపిస్తుంది.

ప్రదర్శన విచారణ క్రమాన్ని స్పష్టంగా వివరిస్తుంది. అయితే యుద్ధ నేరాలు చేసిన పక్షానికి యుద్ధం చేసే హక్కు మిగులుతుందా అన్న ప్రశ్నకు ఇంకా చోటు దక్కవలసింది. ఆ న్యాయపీఠంపై సోవియట్ న్యాయమూర్తి కూడా కూర్చున్నారు. 1940లో రష్యాలోని కాటిన్ అడవిలోనూ తదితర చోట్లా సుమారు 22,000 మంది పోలండ్ బందీలను చంపించింది ఆయన ప్రభుత్వమే. పైగా ఆ నేరాన్ని ఇదే కోర్టులో జర్మన్ల మీదకు నెట్టబోయింది. తీర్పులో కాటిన్ ఊసే లేదు. అయినా 1941 జూన్‌లో హిట్లర్ దండెత్తినప్పుడు ఎదురు నిలిచే హక్కు సోవియట్ యూనియన్‌కు లేదని నేను అనలేను. ఆ హక్కు దాడి జరగడం వల్ల వచ్చినదే తప్ప పాలకుల సత్ప్రవర్తనకు బహుమతిగా వచ్చినది కాదు. పాలకుల పాపానికి హక్కు రద్దవుతుందంటే, ముట్టడిలో ఆకలితో చస్తున్న లెనిన్‌గ్రాడ్ జనాన్ని కాపాడే అధికారం ఎవరికీ లేకుండా పోతుంది. నేరం శిక్షార్హమైనదే, దానికి ఆజ్ఞ ఇచ్చినవాడే బోనెక్కాలి. ఆక్రమణా నిర్మూలనా లక్ష్యాలుగా సాగిన హిట్లర్ యుద్ధంలో మాత్రం ఇలా వేరుచేసి కాపాడవలసిన న్యాయమైన హక్కంటూ మొదటి నుంచీ లేదు.

'దొందూ దొందే' అనే వాదన ఎంతవరకు చెల్లుతుందో హెచ్చరిక లేకుండా వాణిజ్య నౌకలను ముంచే జలాంతర్గామి యుద్ధం నడిపారన్న అభియోగం ఎదుర్కొన్న జర్మన్ నౌకాదళాధిపతి డోనిట్జ్ వ్యవహారం చూపుతుంది. పసిఫిక్‌లో తామూ మొదటి రోజు నుంచే హెచ్చరిక లేకుండా వాణిజ్య నౌకలను ముంచామని అమెరికన్ అడ్మిరల్ నిమిట్జ్ లిఖితపూర్వకంగా ఒప్పుకున్నారు. జలాంతర్గామి యుద్ధ నియమాల ఉల్లంఘనలను శిక్ష నిర్ణయంలో లెక్కించలేదని న్యాయస్థానం ప్రకటించింది. ఇతర అభియోగాల కింద డోనిట్జ్‌కు పదేళ్ళ జైలు పడింది. ఇక్కడ నా అసంతృప్తి ఒకటి ఉంది: ప్రత్యర్థి నేరం ఇవతలివాడి నేరాన్ని తుడిచివేయదు. రెండూ విచారించవలసినవే.

యుద్ధం తరువాత జపాన్ నాయకులపై జరిగిన టోక్యో విచారణకూ ప్రదర్శనలో చోటు ఉంది. జపాన్ సైన్యపు అకృత్యాలు నిజమేనని అంగీకరిస్తూనే నిందితులందరినీ నిర్దోషులుగా తేల్చిన భారత న్యాయమూర్తి రాధాబినోద్ పాల్ గురించి కాస్త తెలుసుకుని వెళితే ఆ భాగం మనవారికి మరింత ఉపయోగపడుతుంది.

యు1 మెట్రోలో బేరెన్‌షాన్జె స్టేషన్‌లో దిగాలి. మంగళవారం సెలవు. ఆడియో గైడులో తెలుగు లేదు, ఇంగ్లీషుతో సర్దుకోవాలి. కార్యక్రమాలు ఉన్నప్పుడు కోర్టు గదిని మూసివేస్తారు కనుక ముందుగా విచారించి బయలుదేరడం మంచిది. చదువుతూ చూసేవారు కనీసం రెండు గంటలు కేటాయించుకోవాలి. చిన్న పిల్లలతో వెళ్ళవలసిన చోటు కాదు.