ముందు టెలిస్కోపా, క్లబ్బా?

ఆకాశం చూడటం మొదలుపెట్టాలనుకునేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది: ముందు టెలిస్కోప్ కొనుక్కోవాలా, దగ్గర్లోని ఖగోళ క్లబ్‌లో చేరాలా?

సొంత టెలిస్కోప్ తరఫున గట్టి వాదనే ఉంది. మబ్బు విడిన అరగంట దొరికితే చాలు, మేడెక్కి చూసేయొచ్చు. చంద్రుడి గుంటలు, శని వలయాలు వీధి దీపాల వెలుగులోనూ బాగానే కనిపిస్తాయి. గురుడి నాలుగు పెద్ద ఉపగ్రహాలు ఏ రాత్రికారాత్రి చోటు మారుతుంటాయి. దాన్ని వరసగా గమనించాలంటే పరికరం ఇంట్లో ఉండాల్సిందే, నెలకోసారి కలిసే క్లబ్‌తో అది కుదరదు.

అయినా నేను ముందు క్లబ్బే అంటాను. ఎందుకంటే కొత్తవాళ్లకు లోపం ఏదైనా ఒకేలా కనిపిస్తుంది: బొమ్మ మసక. ఫోకస్ కుదరకపోవచ్చు, ఐపీస్ (కన్ను ఆనించి చూసే కటకం) మీద మంచు పట్టి ఉండొచ్చు, గదిలోంచి తెచ్చిన అద్దం ఇంకా చల్లబడకపోవచ్చు, గాలి నిలకడగా లేకపోవచ్చు, అద్దాల అమరిక తప్పి ఉండొచ్చు. మాగ్నిఫికేషన్ అతిగా పెంచినా అంతే. 70 మి.మీ. (కాంతిని పోగుచేసే ముందు కటకం వ్యాసం) టెలిస్కోప్ పెట్టె మీద 500 రెట్లని రాసి ఉన్నా, మి.మీ.కి రెండు రెట్ల లెక్కన పనికొచ్చేది సుమారు 140 వరకే. ఇన్నింటిలో తప్పెక్కడో తేల్చుకోలేకే చాలా టెలిస్కోపులు అటకెక్కుతాయి.

అనుభవమున్న సభ్యులు పక్కనుంటే రెండు నిమిషాల్లో తేలుస్తారు. ఒక ప్రకాశవంతమైన నక్షత్రాన్ని మధ్యలోకి తెచ్చి, ఫోకస్ కాస్త తప్పిస్తారు. చుక్క వలయాలుగా విచ్చుకుంటుంది. న్యూటోనియన్‌లో, అంటే ఒక పెద్ద అద్దం, ఒక చిన్న అద్దం ఉండే టెలిస్కోప్‌లో, చిన్న అద్దం నీడ ఆ వలయాల నడిమధ్య లేకుండా పక్కకు జరిగితే కొలిమేషన్ (అద్దాల అమరిక) పోయినట్టు. వలయాలు మరిగే నీళ్లలా కదులుతుంటే గాలిదో, అద్దం వేడిదో దోషం. అద్దం వేడైతే అరగంట, గంట ఆగితే సర్దుకుంటుంది. పైగా అదే శనిని పక్కనున్న మరో టెలిస్కోప్‌లో చూస్తే, ఆ రాత్రి ఎంత స్పష్టత సాధ్యమో కంటికి తెలుస్తుంది. ఇంటిదగ్గర ఒంటరిగా ఉన్నవాళ్లకు దొరకనిది ఇదే.

చూపుకూ శిక్షణ కావాలి. కన్ను చీకటికి అలవాటుపడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది, ఫోన్ ఒక్కసారి వెలిగినా మళ్లీ మొదటికొస్తుంది. మసక నీహారికలను నేరుగా కాకుండా కాస్త పక్కకు చూడాలి. కుడి కన్నుతో అయితే వస్తువుకు కుడివైపు, ఎడమ కన్నుతో అయితే ఎడమవైపు. లేదంటే అది కంటిలోని గుడ్డిచుక్క మీద పడి మాయమవుతుంది.

కొనేముందు మోసి కూడా చూడాలి. 8 అంగుళాల అద్దమున్న డాబ్సోనియన్ (నేలమీద పెట్టే సాదా స్టాండు మీద తిరిగే న్యూటోనియన్) 70 మి.మీ. దానికంటే ఎనిమిది రెట్లకు పైగా కాంతిని పోగుచేస్తుంది, కానీ బరువు 20 కిలోలు, ఆపైన. మెట్లమీదుగా దింపగలరా?

అన్ని క్లబ్బులూ ఒకటి కావు. ఉపన్యాసాలు ఎన్ని అని కాదు, అమావాస్య దగ్గరి రాత్రుల్లో చీకటి ప్రదేశానికి ఏడాదికి ఎన్నిసార్లు వెళ్తారో అడగండి. సభ్యులకు టెలిస్కోప్ అరువిస్తారా అనీ అడగండి. శుక్ల అష్టమి ప్రాంతంలో జనం కోసం పెట్టే కార్యక్రమాల్లో చంద్రుడు అద్భుతంగా కనిపిస్తాడు గానీ, వరసలో నిలబడి నిమిషం చూసి తప్పుకుంటే నేర్చుకునేది తక్కువ.

10x50 బైనాక్యులర్ (పది రెట్లు పెంచేది, 50 మి.మీ. కటకాలది) ఎటు వెళ్లినా పనికొస్తుంది. ఫోన్ యాప్ నక్షత్రాల పేర్లు చెబుతుంది, అంతవరకే.

మొదటిసారి వెళ్లేటప్పుడు సూర్యాస్తమయానికి ముందే చేరుకోండి. చీకటి పడ్డాక వస్తే మీ బండి లైట్లు అందరి చూపూ పాడుచేస్తాయి. ఎర్ర టార్చ్ ఉంచుకోండి. ఐపీస్‌లో చూసేటప్పుడు ట్యూబ్‌ను పట్టుకోవద్దు, ఫోకస్ తిప్పేముందు అడగండి. క్లబ్ డాబ్సోనియన్‌లో ఆండ్రోమెడా గెలాక్సీని, హెర్క్యులిస్ రాశిలోని ఎం13 నక్షత్ర గుచ్ఛాన్ని ఎవరి సాయమూ లేకుండా పట్టుకోగలిగిన రోజున సొంతది కొనండి.