లూనీ ట్యూన్స్ గోల్డెన్ కలెక్షన్ మొదటి సెట్: ఆ స్లో బాల్ కోసమైనా చూడాలి

మా అక్క కొడుకు అమెరికా నుంచి వస్తుంటే తెమ్మన్నది ఇదొక్కటే. వార్నర్ బ్రదర్స్ వాళ్ల లూనీ ట్యూన్స్ కార్టూన్లతో 2003లో వచ్చిన డీవీడీ సెట్. నాలుగు డిస్కులు, 56 కార్టూన్లు. మొదటి డిస్కంతా బగ్స్ బన్నీ అనే కుందేలుదే. అందులో మొట్టమొదటిది ఫ్రిజ్ ఫ్రెలెంగ్ తీసిన 'బేస్‌బాల్ బగ్స్', 1946 నాటిది. మిగతావాటి గురించి ఇంకెవరైనా రాస్తారు. నేను విశాఖ ఎంవీపీ కాలనీ కుర్రాళ్ల క్రికెట్ టోర్నమెంట్లకు స్కోరు రాసే మనిషిని, నా చూపు ముందు స్కోరు బోర్డు మీదకే పోతుంది.

గ్యాస్‌హౌస్ గొరిల్లాస్ అనే రౌడీ జట్టు నాలుగు ఇన్నింగ్స్‌లో 10, 28, 16, 42 కొట్టింది. మొత్తం 96. అవతల టీ టోటలర్స్ అనే ముసలాళ్ల జట్టు సున్నా. క్రికెట్ లెక్కలో 96 ఏమంత స్కోరు! బేస్‌బాల్‌లో ఒక జట్టు ఆట మొత్తానికి పది పరుగులు చేస్తేనే ఎక్కువ. అది తెలిస్తేనే ఆ బోర్డు చూసి నవ్వొస్తుంది.

కన్నంలో కూర్చుని గొరిల్లాలను వెక్కిరించిన పాపానికి బగ్స్ ఒక్కడే తొమ్మిది మంది ఆట ఆడాల్సొస్తుంది. అప్పుడు వేస్తాడు స్లో బాల్. బంతి బద్ధకంగా గాల్లో తేలుతూ వస్తుంటే మొదటివాడు మూడుసార్లు బ్యాట్ ఊపేస్తాడు. తగలదు, ఔట్. బంతి ఇంకా చేరనే లేదు. రెండోవాడు అంతే, మూడోవాడూ అంతే. ఫ్రెలెంగ్ ఎక్కడా తొందరపడడు. మూడు ఊపులూ ఒకే లయలో పడతాయి, నవ్వంతా ఆ లయలోనే ఉంది. బీచ్ రోడ్డు టెన్నిస్ బాల్ మ్యాచుల్లో కళ్లు మూసుకుని అడ్డంగా ఊపేవాళ్లందరికీ ఇది చూపించాలి.

"తాతా, ఒక్క బంతికి ముగ్గురు ఔటైతే ఎలా రాస్తావు?" అన్నాడు మా మనవడు.

"అంపైర్ చేత సంతకం పెట్టించుకుంటాన్రా!"

నాకు నచ్చనిది చివరి క్యాచ్. ఆఖరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్, 96-95తో బగ్స్ ఒక్క పరుగు ముందు (గొరిల్లాల 96 ఎలా తగ్గిందో అడక్కండి). గొరిల్లా కొట్టిన బంతి స్టేడియం దాటేస్తే బగ్స్ టాక్సీ, బస్సు ఎక్కి, ఆకాశాన్నంటే భవనం పైకెక్కి గ్లోవ్ విసిరి పట్టేస్తాడు. గ్లోవ్ విసిరి పట్టింది బేస్‌బాల్ రూల్‌లోనే క్యాచ్ కాదు. మన క్రికెట్‌లో ఫీల్డర్ విసిరిన టోపీకి బంతి తగిలితే ఐదు పరుగుల పెనాల్టీ. పైగా అంపైర్ ఔటంటే లిబర్టీ విగ్రహం కూడా వంత పాడుతుంది! ఎవరికి చెప్పుకుంటాం?

బేస్‌బాల్ అసలు తెలియనివాళ్లు ముందు డిస్నీ వాళ్ల 1942 నాటి గూఫీ కార్టూన్ 'హౌ టు ప్లే బేస్‌బాల్' చూస్తే మంచిది. అందులో వ్యాఖ్యాత రూల్స్ చెబుతుంటాడు, ఆటగాళ్లంతా గూఫీలే. వేరే కంపెనీది కాబట్టి ఈ సెట్‌లో ఉండదు.

తెప్పించుకునేవాళ్లకు ఒక్క జాగ్రత్త. డీవీడీలకు ప్రాంతాల వారీగా రీజియన్ నంబరుంటుంది: అమెరికా డిస్కులు రీజియన్ 1, మనది రీజియన్ 5. ప్లేయర్ రీజియన్ ఫ్రీ, అంటే ఏ రీజియన్ డిస్కైనా ఆడేది, అయితేనే ఆడుతుంది. కంప్యూటర్ డ్రైవ్‌లోనైతే రీజియన్ ఐదుసార్లే మార్చుకోవచ్చు, ఆ తర్వాత అలాగే ఉండిపోతుంది. పిల్లల చేతికి ఇవ్వకండి.