సూపర్‌హీరో గేమ్‌కి ప్రపంచం: రెడీమేడ్‌దా, జీఎమ్ ఒక్కడే కట్టిందా, అందరూ కలిసి కట్టిందా – ఏది మేలు?

టేబుల్ చుట్టూ కూర్చుని తలా ఒక పాత్ర తీసుకుని మాటలతో కథ నడిపే రోల్‌ప్లేయింగ్ గేమ్‌ల సంగతి ఇది, అందులో ప్రపంచాన్నీ కథనీ నడిపించేవాడు జీఎమ్ (గేమ్ మాస్టర్), చాలా సెషన్ల పాటు సాగే ఒకే కథ క్యాంపెయిన్. సూపర్‌హీరో క్యాంపెయిన్ ఆడదామా అని గ్రూప్‌లో అడగడం ఆలస్యం, "నా క్యారెక్టర్ రెడీ" అని నాలుగు మెసేజ్‌లు వచ్చి పడతాయి. ప్రపంచం ఏంటో ఇంకా ఎవడికీ తెలీదు. మా దాంట్లో ఒకడు నీడల్లోంచి నడిచే డిటెక్టివ్, ఒకామె సముద్ర దేవత కూతురు, ఒకడు తన సూట్ తనే తయారు చేసుకున్న ఇంజనీర్, ఇంకొకడు మూడొందల ఏళ్ల తర్వాతి కాలం నుంచి వచ్చిన పోలీసు. వీళ్లంతా ఒకే ఊళ్లో ఎందుకున్నారు, అసలు పవర్లు ఎక్కణ్ణుంచి వచ్చాయి అన్న గోలంతా జీఎమ్ నెత్తిన పడుతుంది. నేను మూడు రకాలుగానూ ట్రై చేశా, రెండుసార్లు బాగా దెబ్బతిన్నా.

రెడీమేడ్‌తో మొదలెడతా. మార్వెల్, డీసీ లాంటి ప్రపంచం తీసుకుంటే ఎవరికీ ఏదీ చెప్పక్కర్లేదు, పేరు చెప్తే చాలు అందరి కళ్ల ముందూ బొమ్మ కనిపిస్తుంది. రూల్స్ కూడా దొరుకుతాయి, టీఎస్ఆర్ అనే గేమ్ కంపెనీ వాళ్లు 1984లోనే మార్వెల్ గేమ్ తెచ్చారు, 2023లో మార్వెల్ మల్టీవర్స్ గేమ్ వచ్చింది. కానీ మూడో సెషన్‌కే గొడవ మొదలవుతుంది. ఊరు తగలబడుతుంటే పెద్ద హీరోలు ఏం చేస్తున్నారు, ఫోన్ కొడితే వచ్చేస్తారు కదా? ప్రతిసారీ "వాళ్లు వేరే గ్రహంలో ఉన్నారు" అంటే ఎన్నిసార్లు నమ్ముతారు. పైగా ప్రతి గ్రూప్‌లో కామిక్స్ అన్నీ నమిలి మింగినోడు ఒకడుంటాడు. నేను జైల్లో ఒక విలన్‌ని పెట్టా, మనోడు "వాడు ఆ టైంకి చచ్చిపోయాడు కదా మామా" అన్నాడు, ఇంకొకడు "మళ్లీ బతికాడు రా" అన్నాడు, అరగంట అక్కడే పోయింది, ఆట అటకెక్కింది. ఒకటి రెండు సెషన్లలో అయిపోయే ఆటకి రెడీమేడ్ బెస్ట్, ఆరు నెలలు ఆడాలంటే మాత్రం నేను వద్దంటా.

రెండోది జీఎమ్ ఒక్కడే కూర్చుని కట్టడం. దీంట్లో గొప్ప ప్లస్ రహస్యాలు రహస్యాలుగానే ఉంటాయి, కథ ఒక మనిషి బుర్రలోంచి వస్తుంది కాబట్టి అతుకులు కనపడవు. మైనస్ ఏంటంటే ఎవడూ చదవడు. నేను ముప్పై పేజీల డాక్ రాశా, పార్టీలు, పేపర్లు, పోలీసు శాఖలో సూపర్ కేసులు చూసే విభాగం, అన్నీ. మొదటి రోజు మేయర్ పేరేంటి అని అడిగితే నిశ్శబ్దం, ఒకడు మాత్రం నిజాయితీగా "ఓపెన్ చేశా బ్రో, విషయసూచిక దగ్గర ఆగిపోయా" అన్నాడు. తప్పు వాళ్లది కాదులెండి, వాళ్ల హీరోలకి ఆ ముప్పై పేజీల్లో ఎక్కడా చోటు లేదు, ఇక చదవడం దేనికి.

మూడోది అందరూ కలిసి. దీనికి మంచి దారి చూపించింది బెన్ రాబిన్స్ 2011లో తెచ్చిన మైక్రోస్కోప్ అనే గేమ్. అందులో జీఎమే ఉండడు, చరిత్ర ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ముందే అనుకుని మధ్యలో ఉన్నదంతా కార్డుల మీద రాసుకుంటూ పోతారు. అంతకుముందు ఒక లిస్టు చేస్తారు, ఈ ప్రపంచంలో ఏవి ఉండొచ్చు, ఏవి అస్సలు ఉండకూడదు అని. ఈ లిస్టు ఒక్కటి తీసుకున్నా సగం తలనొప్పి పోతుంది. 2016లో వచ్చిన మాస్క్స్ అనే సూపర్‌హీరో గేమ్ కూడా ఇదే బాపతు, టీమ్ మొదటిసారి కలిసినప్పుడు ఏం జరిగిందో జీఎమ్ చెప్పడు, ప్లేయర్లే ఒక్కో ప్రశ్నకి జవాబు చెప్తూ కట్టుకుంటారు. ఇబ్బంది ఏంటంటే గొంతు పెద్దదున్నోడి ప్రపంచమే తయారవుతుంది, మాట్లాడనివాళ్లు తలూపుతూ కూర్చుంటారు, ద్రోహి ఎవడో కూడా అందరూ కలిసే రాస్తే ఇక ఆశ్చర్యపోయేదేముంటుంది.

నిజానికి ఎవరు కడతారు అన్నదానికంటే పెద్ద ప్రశ్న వేరే ఉంది: పవర్లకి మూలం ఒకటా, చాలానా? ఇక్కడ వైల్డ్ కార్డ్స్ అనే పుస్తకాల సిరీస్ సంగతి చెప్పాలి. గేమ్ ఆఫ్ థ్రోన్స్ రచయిత జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్, ఆయన స్నేహితులు కలిసి సూపర్‌వరల్డ్ అనే గేమ్ విపరీతంగా ఆడేవాళ్లు, ఆ పిచ్చిలోంచే ఆ పుస్తకాల సిరీస్ పుట్టింది, మొదటిది 1987లో వచ్చింది. అందులో మూలం ఒక్కటే, 1946లో న్యూయార్క్ మీద వదిలిన గ్రహాంతర వైరస్. సోకినవాళ్లలో నూటికి తొంభై మంది చస్తారు, తొమ్మిది మంది రూపం మారిపోతుంది, ఒక్కరికే పనికొచ్చే పవర్ వస్తుంది. ఆ మూడు అంకెలు చూడండి, భయం, వివక్ష, దాక్కోవడం, ప్రభుత్వం జోక్యం అన్నీ వాటిలోంచే ఊడిపడతాయి. అంతమంది రచయితలు రాసినా ప్రపంచం చెదిరిపోకుండా ఉందంటే ఆ ఒక్క మూలం వల్లే అని నా నమ్మకం. నలుగురు ప్లేయర్లకీ అదే లెక్క.

కానీ సముద్ర దేవత కూతురి సంగతి? మాకూ ఒకటే మూలం పెట్టుకుందాం అన్నప్పుడు ఆమె "అంటే మా అమ్మ అబద్ధమా?" అంది, నవ్వుతూనే అంది గానీ మొహం మాడింది. చాలా మూలాలు పెడితే ఆ బాధ లేదు, కానీ దేవతలు, మంత్రాలు, రోబోలు అన్నీ ఉన్న ఊళ్లో ఎగిరే మనిషిని చూసి ఎవడు ఆశ్చర్యపోతాడు? అందుకే రెండు పెట్టా. ఒకటి లోకానికంతా తెలిసింది, రెండోది పుకారు మాత్రమే. సముద్ర దేవత ఆ పుకారులో భాగమైంది, ఒక్క దెబ్బకి ఆమె క్యారెక్టర్ టీమ్‌లో అందరికంటే ఇంట్రెస్టింగ్ అయిపోయింది.

రూల్స్ గురించి ఎక్కువ చెప్పను. ఎవడెంత బలవంతుడు అన్నది మీ ఆటకి ముఖ్యమైతే మ్యూటెంట్స్ అండ్ మాస్టర్‌మైండ్స్ అనే గేమ్ తీసుకోండి, అందులో హీరోల స్థాయి (పవర్ లెవెల్) 10 అయితే ఒక్కో హీరోని తయారు చేసుకోవడానికి 150 పాయింట్లు ఇస్తారు, దాడి గురికి ఉన్న అంకె, దాని దెబ్బకి ఉన్న అంకె రెండూ కలిపి 20 దాటకూడదు, కాబట్టి ఒక్కడే అందర్నీ మింగేయలేడు. "నేనెవర్ని, జనం నన్నెలా చూస్తున్నారు" అన్నది ముఖ్యమైతే మాస్క్స్. ఏది తీసుకున్నా మీ హీరోలు ఆ ప్రపంచంలో టాపా, మధ్యరకమా, చోటామోటానా అన్నది ముందే తేల్చుకోండి, లేకపోతే రెడీమేడ్ దాంట్లో వచ్చిన గొడవే ఇక్కడా వస్తుంది.

ఇప్పుడు నేను చేసేది ఇది. జీఎమ్‌గా ఒక్క పేజీ రాస్తా: పవర్లు ఎక్కణ్ణుంచి, ఎప్పట్నుంచి, జనానికి ఎంత తెలుసు, ప్రభుత్వం ఏమంటోంది. అంతే. మిగతాది ప్లేయర్లు, తలా ఒక చోటు, ఒక శత్రువు, చనిపోతే తమ హీరో ఏడ్చే ఒక మనిషి. నోరు తెరవనివాళ్లని ముందు అడుగుతా. ఇంజనీర్ తెచ్చిన చోటు హీరోల ఫైట్లలో కూలిన ఇళ్లకి నష్టపరిహారం లెక్కగట్టే ఆఫీసు, నాకు జన్మలో తట్టేది కాదు, ఇప్పుడు సగం కథ ఆ క్యూలోనే నడుస్తోంది.

వద్దు లిస్టులో మావాళ్లు రాసింది రెండే, చచ్చినవాళ్లు తిరిగి రాకూడదు, కాలప్రయాణం ఉండకూడదు. రెండోది చూసి పోలీసు గాడు ఒక వారం అలిగాడు. తర్వాత తనే వచ్చి, "సరే, నేను భవిష్యత్తు నుంచి వచ్చానని నమ్మే మనిషిని, నిజమో కాదో నువ్వు రాసుకో, నాకు చెప్పకు" అన్నాడు. రాశా. ఆ కాగితం కవర్లో పెట్టి అంటించేశా, ప్రతి సెషన్‌లో టేబుల్ మీదే ఉంటుంది, వాడు ఇంతవరకూ ముట్టుకోలేదు.